రివ్యూయర్ ఆడిన గేమూ, మనం కొన్న గేమూ

2020 డిసెంబర్ 7న సైబర్‌పంక్ 2077 రివ్యూలు ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. పోలండ్ కంపెనీ సీడీ ప్రాజెక్ట్ ఏళ్ల తరబడి ఊరించిన గేమ్ అది. విమర్శకులు వేసే మార్కులన్నీ కలిపి సగటు కట్టే మెటాక్రిటిక్ సైట్‌లో ఆ రోజు దాని లెక్క 90 చేరింది. మూడు రోజులకు, 10వ తేదీన గేమ్ విడుదలైంది. అప్పటికే 80 లక్షల కాపీలకు జనం ముందస్తుగా డబ్బు కట్టేశారు. తీరా ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ అనే కన్సోళ్లు, అంటే టీవీకి తగిలించి ఆడే గేమ్ బాక్సులు ఉన్నవాళ్లు ఆడబోతే కనిపించింది వేరు. మనుషుల మొహాలు మైనం ముద్దల్లా ఉన్నాయి, బొమ్మ ఆగి ఆగి కదులుతోంది, మధ్యలో ఉన్నట్టుండి గేమే మూతపడిపోతోంది. 14న కంపెనీ క్షమాపణ చెప్పింది. 17న సోనీ తన స్టోర్ నుంచి గేమ్‌ని తీసేస్తున్నట్టు ప్రకటించి, అక్కడ కొన్నవాళ్లు అడిగితే డబ్బు వాపసు ఇస్తామంది. అది మళ్లీ ఆ స్టోర్‌లో కనబడింది 2021 జూన్ 21న.

మరి రివ్యూలు రాసినవాళ్లు అబద్ధం చెప్పారా? లేదు. చిక్కంతా అక్కడే ఉంది. విడుదలకు ముందు కంపెనీ వాళ్ల చేతికిచ్చింది పీసీ వెర్షన్ ఒక్కటే. పైగా తాము ఆడినప్పుడు రికార్డు చేసుకున్న దృశ్యాలు వీడియో రివ్యూలో వాడకూడదని, కంపెనీ ఇచ్చిన క్లిప్పులే పెట్టాలని షరతు. కన్సోల్ వెర్షన్ తాము చూడలేదని కొందరు నిజాయితీగా రాశారు కూడా. కానీ పైన పెద్ద అక్షరాల్లో 9/10 అని ఉంటే కింద ఉన్న ఆ ఒక్క వాక్యం ఎవరి కంట పడుతుంది? దుమ్ము సర్దుకున్నాక అదే మెటాక్రిటిక్‌లో పీసీ వెర్షన్‌కి 86, ప్లేస్టేషన్ 4 వెర్షన్‌కి 57 మిగిలాయి. పేరు ఒకటే, గేములు రెండు.

గేమ్ రివ్యూల మీద గొడవ లేచినప్పుడల్లా రెండు వాదనలు వినిపిస్తాయి. ఒకటి, వాళ్లంతా అమ్ముడుపోయారని. రెండోది, ఎవరి అభిరుచి వాళ్లదని. రెండింట్లోనూ కొంత నిజం ఉంది. కానీ పాత కథలు తిరగేసిన కొద్దీ నాకు ఇంకో ప్రశ్న పెద్దదిగా కనిపిస్తుంది. రివ్యూయర్ ఆడిన గేమూ, మనం డబ్బు పెట్టి కొన్న గేమూ అసలు ఒకటేనా?

పుచ్చకాయైతే తట్టి చూసి కొంటాం. చీరైతే కొట్లో నాలుగు మడతలు విప్పించి చూస్తాం. గేమ్‌కి ఆ వీలు లేదు. 1970ల చివర్లో అమెరికా దుకాణాల్లో అటారీ కంపెనీ క్యాట్రిడ్జ్‌లు, అంటే లోపల గేమ్ ఉండే ప్లాస్టిక్ డబ్బీలు, మూసిన పెట్టెల్లో అమ్మేవారు. పెట్టె మీద మంటలు కక్కే అంతరిక్ష నౌక ఉంటుంది, లోపల తెర మీద నాలుగు చుక్కలు కదులుతుంటాయి. 1979లో అక్కడి 'వీడియో' అనే పత్రికలో బిల్ కుంకెల్, ఆర్నీ కాట్జ్ 'ఆర్కేడ్ ఆలీ' పేరుతో ఒక శీర్షిక మొదలుపెట్టారు. ఏ క్యాట్రిడ్జ్‌లో ఏముందో చెప్పడమే దాని పని. గేమ్ రివ్యూ అనేదానికి తొలి రూపాల్లో అదొకటి. 1981లో జాయిస్ వర్లీతో కలిసి వాళ్లే 'ఎలక్ట్రానిక్ గేమ్స్' అనే పూర్తిస్థాయి పత్రిక తెచ్చారు.

అయితే క్యాట్రిడ్జ్‌లు కొనేవాళ్లలో ఎక్కువమంది తల్లిదండ్రులు. వాళ్లు ఆ పత్రికలు చదవరు. 1982 క్రిస్మస్‌కి ఈ.టీ. సినిమా పేరు మీద అటారీ ఒక గేమ్ వదిలింది. సెలవుల అమ్మకాలకు అందించాలని హోవర్డ్ స్కాట్ వార్షా అనే ప్రోగ్రామర్ చేత 5 వారాల్లో చేయించారు. సినిమా పేరు చూసి కొన్నారు, ఆడి నిరాశపడ్డారు. మిగిలిన సరుకులో కొంత న్యూ మెక్సికోలోని అలమగోర్డో చెత్తగుంతలోకి పోయింది. 2014 ఏప్రిల్‌లో అక్కడ తవ్వితే ఆ క్యాట్రిడ్జ్‌లు నిజంగానే బయటపడ్డాయి. ఈ ఒక్క గేమ్ వల్లే పరిశ్రమ కూలిపోయిందని చెప్పడం కొంచెం కథ కలిపి చెప్పడమే. కానీ నాసిరకం గేముల వరద నిజం, కొనేవాడికి మంచిచెడు చెప్పే నాథుడు లేకపోవడమూ నిజం. 320 కోట్ల డాలర్లదాకా వెళ్లిన అమెరికా హోమ్ గేముల వ్యాపారం 1985 నాటికి 10 కోట్లకు పడిపోయిందని లెక్క చెబుతారు.

అప్పుడు వచ్చిన నింటెండో దీనికి వేరే మందు వేసింది. తమ అనుమతి పొందిన క్యాట్రిడ్జ్‌ల మీద బంగారు రంగు ముద్ర. ముద్ర ఉన్నంత మాత్రాన గేమ్ బాగుంటుందని కాదు, కనీసం పనిచేస్తుందని. 1988లో అదే కంపెనీ 'నింటెండో పవర్' అని సొంత పత్రిక పెట్టింది. తన సరుకు గురించి తనే రాసుకుంది. పిల్లలు దాన్నే ప్రమాణంగా చదివారు.

మన ఊళ్లలో ఈ బాధే లేదు. 90లలో టీవీకి తగిలించే ఆ నకిలీ గేమ్ బాక్సులతో వచ్చే పసుపు క్యాట్రిడ్జ్ మీద '9999 ఇన్ 1' అని ఉండేది. లోపల తిప్పి తిప్పి కొడితే ఓ పది గేములు, వాటినే పేర్లు మార్చి మళ్లీ మళ్లీ చూపించేవి. రివ్యూ అక్కర్లేకుండానే మోసపోయాం. పెద్ద బాధా లేదు, ఎందుకంటే పెట్టిన డబ్బు తక్కువ. కొత్త పెద్ద గేమ్ ఒక్కోటి 4, 5 వేల రూపాయలు పలికే రోజులు వచ్చాకే మనకూ రివ్యూలతో పని పడింది.

అంకెలు వేయడాన్ని బాగా వంటబట్టించుకున్నది జపాన్ పత్రిక ఫమిత్సు. 1986లో మొదలైన ఈ పత్రికలో ఒక్కో గేమ్‌ని నలుగురు ఆడి తలా పదికి మార్కులు వేస్తారు. మొత్తం 40. మొదటిసారి 40కి 40 వచ్చింది 1998లో, జెల్డా సిరీస్‌లోని 'ఒకరినా ఆఫ్ టైమ్'కి. నలుగురి మార్కులూ పక్కపక్కనే వేయడం నాకు నచ్చుతుంది. ఒకరు 9 వేసి ఇంకొకరు 6 వేస్తే, ఇందులో ఏదో తేడా ఉందని చదివేవాడికి తెలుస్తుంది. తర్వాత వచ్చిన సగటు లెక్కలు ఆ తేడానే చెరిపేశాయి. ఇంగ్లీష్ పత్రికల్లో ఇంకో జబ్బు పట్టుకుంది. పదికి 7 అంటే బాగుందని కాదు, అంతంత మాత్రమని అర్థం. శుక్రవారం పొద్దున 2.75 అని చూడగానే ఆ సినిమా సంగతి మనకెలా తెలిసిపోతుందో, ఇదీ అంతే. అలవాటు లేనివాడు మాత్రం 7 చూసి ఫస్ట్ క్లాస్ అనుకుంటాడు.

డబ్బు ఒత్తిడి గురించి మాట్లాడితే 2007 నవంబర్ దగ్గర ఆగాలి. గేమ్ రివ్యూలు రాసే గేమ్‌స్పాట్ సైట్ నిండా అప్పుడు 'కేన్ అండ్ లించ్' అనే గేమ్ ప్రకటనలు ఉన్నాయి. అదే సైట్‌లో జెఫ్ గర్స్ట్‌మన్ ఆ గేమ్‌కి పదికి 6 వేశారు. నెల తిరక్కుండానే ఆయన ఉద్యోగం పోయింది. ప్రకటనల ఒత్తిడి లేదని సైట్ చెప్పుకుంది. ఆయన 2008లో 'జెయింట్ బాంబ్' అనే సొంత సైట్ పెట్టుకున్నారు. 2012లో దాన్ని గేమ్‌స్పాట్ యజమాని సంస్థే కొనడంతో, నోరు విప్పకూడదన్న పాత ఒప్పందం సడలింది. అప్పుడు చెప్పారాయన, ప్రకటనలు ఆపేస్తామన్న బెదిరింపులకు పైవాళ్లు లొంగిపోయారని. ఇక్కడ గమనించాల్సింది, ఆ రివ్యూ కొనేవాణ్ణి మోసం చేయలేదు. 6 అనిపించింది, 6 వేశాడు. దెబ్బ తగిలింది ఆ తర్వాత రివ్యూలు రాయాల్సినవాళ్లకి. ఆ 6 వేసేటప్పుడు చెయ్యి వణక్కుండా ఉంటుందా?

2001లో మొదలైన మెటాక్రిటిక్ ఈ అంకెలకు మరో పని అంటగట్టింది. అది కట్టేది మామూలు సగటు కాదు. కొన్ని పత్రికల మాటకు బరువెక్కువ, కొన్నిటికి తక్కువ, ఎంతెంతో బయటికి చెప్పరు. కొనేవాడికి ఒక్క చూపులో తెలియాలని పుట్టిన ఆ అంకెను కంపెనీలు కాంట్రాక్టుల్లోకి ఎక్కించాయి. 2010లో వచ్చిన 'ఫాల్అవుట్: న్యూ వేగస్' చేసిన అబ్సిడియన్ స్టూడియోకి 85 వస్తే బోనస్ అని ఒప్పందం. వచ్చింది 84. ఒక్క మార్కుతో బోనస్ పోయిందని స్టూడియో పెద్దల్లో ఒకరైన క్రిస్ అవెల్లోన్ 2012లో చెప్పారు. ఆ సమయానికే అక్కడ ఉద్యోగాలు తీసేస్తున్నారు. ఎక్కడో కూర్చుని 8 వేయాలా 8.5 వేయాలా అని గింజుకుంటున్న రివ్యూయర్‌కి అటు చివర ఎవరో జీతగాళ్లు వేలాడుతున్నారని ఏం తెలుసు?

రివ్యూ ఎప్పుడు బయటపెట్టాలో కూడా కంపెనీదే నిర్ణయం. ముందుగా కాపీ ఇస్తారు, ఫలానా గంటదాకా నోరు విప్పొద్దంటారు. దీన్నే ఎంబార్గో అంటారు. హడావుడిగా రాయకుండా అందరికీ సమానంగా సమయం దొరుకుతుందని దీనికి మంచి వైపు ఉంది. 2014 నవంబర్‌లో 'అసాసిన్స్ క్రీడ్ యూనిటీ'కి మాత్రం ఆ గంట విడుదల రోజు మధ్యాహ్నం 12. అంటే అమెరికాలో అర్ధరాత్రి నుంచి గేమ్ అమ్ముడవుతోంది, మొహాలు ఊడిపోయి కళ్లూ పళ్లూ మాత్రమే గాల్లో తేలే బగ్స్ జనం ముందు ఉన్నాయి, రివ్యూలు మాత్రం లేవు.

అంతకు ముందు ఏడాది మార్చిలో వచ్చిన 'సిమ్‌సిటీ' కథ ఇంకా చిత్రం. ఆ గేమ్ ఆడాలంటే ఎప్పుడూ ఇంటర్నెట్‌కి తగులుకునే ఉండాలి. విడుదలకు ముందు సర్వర్ల మీద జనం లేరు కాబట్టి రివ్యూయర్లకు సాఫీగా సాగింది. పాలిగాన్ సైట్ 9.5 వేసింది. అమ్మకాలు మొదలయ్యాక సర్వర్లు కుప్పకూలాయి, కొన్నవాళ్లు లోపలికే వెళ్లలేకపోయారు. ఆ సైట్ తన మార్కుని 8కి దించింది, తర్వాత 4కి, కొంత బాగుపడ్డాక 6.5కి మార్చింది. మామూలు రోజు తెల్లవారుజామున విజయవాడ హైవే మీద వెళ్లొచ్చి రోడ్డు అద్భుతం అని రాసినట్టు ఉంది మొదటి రివ్యూ. కొన్నవాళ్లు బయల్దేరింది సంక్రాంతి ముందురోజు, పంతంగి టోల్‌గేట్ మీదుగా. మార్కు మార్చినందుకు ఆ సైట్‌ని అప్పట్లో ఎగతాళి చేశారు. నా మటుకు నాకు అది చేసిన పని సరైనదే.

యూట్యూబ్ వచ్చాక పత్రికలతో పని లేదు, మనలాంటి ఆటగాడే ఆడి చూపిస్తాడు అనుకున్నారు. 2014లో 'షాడో ఆఫ్ మోర్డోర్' గేమ్‌కి వార్నర్ బ్రదర్స్ యూట్యూబర్లకు డబ్బిచ్చింది. గేమ్‌ని మెచ్చుకోవాలి, బగ్స్ చూపించకూడదు అన్నది ఒప్పందం. డబ్బు తీసుకున్న సంగతి చాలా వీడియోల్లో కింద వివరాల పెట్టెలో, నొక్కితే తప్ప కనబడని చోట ఉంది. ఆ వీడియోలన్నీ కలిపి 55 లక్షలసార్లు చూశారు. 2016లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ కంపెనీ మెడలు వంచి ఒప్పందం చేసుకుంది. అసలు తమాషా ఏమిటంటే గేమ్ బాగానే ఉంది. డబ్బివ్వకపోయినా మెచ్చుకునేవారు.

ఇక మిగిలింది కొన్నవాళ్ల మాట. 2008లో 'స్పోర్' గేమ్‌ని మూడు కంప్యూటర్లకు మించి యాక్టివేట్ చేయనివ్వకపోవడంతో కోపమొచ్చినవాళ్లు అమెజాన్‌లో ఒక్క స్టార్ రివ్యూలు వేలల్లో కుమ్మరించారు. రివ్యూ బాంబింగ్ అనే మాట అప్పటి నుంచే ఊపందుకుంది. 2013 నవంబర్‌లో పీసీ గేములు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్, కొన్నవాళ్లకు రివ్యూ రాసే వీలిచ్చింది. అంకె లేదు, సిఫారసు చేస్తావా లేదా అన్నదే ప్రశ్న. పక్కనే ఎన్ని గంటలు ఆడారో కనిపిస్తుంది. ఆ గంటల లెక్క నాకు ఏ 9.5 కన్నా విలువైనది. గేమ్‌ని తెరిచే కోడ్లు (కీలు) ఊరికే పంచి మంచి మాటలు రాయించుకునే వ్యాపారం మొదలయ్యేసరికి, 2016లో స్టీమ్ అలాంటి రివ్యూలను మొత్తం లెక్కలోంచి తీసేసింది. 2019 మార్చిలో గేమ్‌తో సంబంధం లేని గొడవలతో పడే రివ్యూలనూ పక్కన పెట్టడం మొదలుపెట్టింది. మరుసటి నెలే పారిస్‌లో నోత్రదామ్ చర్చి కాలింది. ఆ చర్చిని ఎంతో వివరంగా కట్టి చూపించిన యూనిటీని, దాన్ని చేసిన యూబీసాఫ్ట్ కంపెనీ కొన్నాళ్లు ఉచితంగా ఇచ్చింది. ఒకప్పుడు మొహాలు ఊడిన అదే గేమ్‌కి ఇప్పుడు పొగడ్తల వాన. ఆ కొద్ది రోజుల్లో గేమ్‌లో మారిందేమీ లేదు, జాలి తప్ప.

రివ్యూ బాంబులన్నీ అల్లరే అనీ అనలేం. 2024 మేలో 'హెల్‌డైవర్స్ 2' పీసీలో ఆడేవాళ్లు కూడా ప్లేస్టేషన్ అకౌంట్ తప్పనిసరిగా తెరవాలని సోనీ ప్రకటించింది. ఆ అకౌంట్ దొరకని దేశాలు వందకు పైగా ఉన్నాయి. రెండు లక్షలకు పైగా వ్యతిరేక రివ్యూలు పడ్డాయి, కొద్ది రోజులకే సోనీ వెనక్కి తగ్గింది. అలాంటి దేశంలో కొనబోతున్నవాడికి ఆ రోజు అంతకన్నా పనికొచ్చే రివ్యూ ఇంకేముంటుంది?

మన దేశంలో ఆన్‌లైన్ రివ్యూల కోసం భారతీయ ప్రమాణాల సంస్థ 2022 నవంబర్‌లో ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది. రాసినవాడు నిజంగా ఉన్న మనిషేనా కాదా తేల్చుకోవాలని అది అడుగుతుంది. పాటించడం మాత్రం ఆయా సంస్థల ఇష్టానికే వదిలారు.

పుచ్చకాయ తట్టి చూసే అవకాశం చివరికి వచ్చింది రివ్యూల వల్ల కాదు. 2015 జూన్‌లో స్టీమ్, కొన్న 14 రోజుల్లోపు, 2 గంటల కన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వాపసు ఇస్తామంది. మన మెషీన్‌లో మన నెట్ మీద ఎలా నడుస్తుందో ఆ రెండు గంటల్లో తెలిసిపోతుంది. దానికీ ఒక మూల్యం ఉందని 2021లో తెలిసింది. 'సమ్మర్ ఆఫ్ 58' అనే చిన్న హారర్ గేమ్ రెండు గంటల్లోపే అయిపోతుంది. చాలామంది కొన్నారు, చివరిదాకా ఆడారు, బాగుందని రివ్యూ రాశారు, డబ్బు వెనక్కి తీసుకున్నారు. దాన్ని చేసిన ఎమికా గేమ్స్ డెవలపర్ ఆ ఆగస్టులో గేములు చేయడం నిరవధికంగా ఆపేస్తున్నానని ప్రకటించాడు. ఆ గేమ్ పేజీలో రివ్యూలు చాలావరకు మంచివే.