నీకు దండమెందుకు పెట్టలేదంటే

హనుమకొండ

చిరంజీవి మనుమరాలికీ, తనతో పాటు ఈ ఉత్తరం చదివే వాడకట్టు పిల్లలందరికీ తాత ఆశీస్సులు.

సర్పంచి ఎన్నికలప్పుడు అభ్యర్థి మీ ఇంటికి వచ్చి మీ నాయనమ్మ మొదలుకొని అందరికీ దండం పెట్టాడనీ, నిన్ను మాత్రం మంచినీళ్ళు తెమ్మన్నాడనీ, నీకు దండం ఎందుకు పెట్టలేదో చెప్పమనీ రాశావు. నీకు ఓటు లేదు, అందుకే పెట్టలేదు. అయితే నీవు అడగదలచుకున్నది అది కాదని నాకు తెలుసు. ఓటుకు పద్దెనిమిదేళ్ళే ఎందుకు నిండాలి, పదమూడుకో పదహారుకో ఎందుకు ఇవ్వరు అన్నది నీ అసలు ప్రశ్న.

పరకాల దగ్గర మా ఊళ్ళో మా నాయనకు ఎడ్ల జత ఉండేది. కోడెదూడను కాడికి కట్టే ముందు ఆయన దాని కింది పెదవి వంచి పళ్ళు చూసేవాడు. పాలపళ్ళు ఊడి రెండు పెద్ద పళ్ళు వస్తే అది రెండు పండ్ల కోడె. అప్పటిదాకా దాని మెడ మీద కాడి పెట్టనిచ్చేవాడు కాదు. పెట్టిన తరువాత కూడా నేరుగా నాగలికి కట్టేవాడు కాదు. దాపట ఒక ముసలి ఎద్దును, వలపట ఈ కోడెను కట్టి, ముందు ఉత్త దుంగ లాగించి, ఆ పైన నాగలి కంటే తేలికైన గుంటుకకు, ఆ పైన నాగలికి, చివరకు బరువు బండికి అలవాటు చేసేవాడు. ప్రభుత్వం కూడా ఇట్లాగే ఎవరికి ఎప్పుడు బరువు ఎత్తాలో చూసుకోవాలి. కాని 2024 లోక్‌సభ ఎన్నికల నాటికి ఈ దేశంలో ఓటర్లు దాదాపు 97 కోట్ల మంది. అంతమంది పెదవులు వంచి చూసేవాడెవడు? అందుకని అందరికీ కలిపి ఒక అంకె వేసుకున్నారు. అంకె వేస్తే కొందరు తెలివిగలవాళ్ళు గీతకు ఇవతల ఆగిపోతారు, కొందరు తెలివితక్కువవాళ్ళు అవతలికి పోతారు. అయినా ఎదుటివాని తెలివిని కొలిచే అధికారం ఒక అధికారి చేతికి ఇవ్వడం కంటే ఆ అన్యాయం చిన్నదని నా అభిప్రాయం. (ఎద్దు పళ్ళయినా నిజం చెప్పేవి. మా కాలంలో బడిలో చేర్చుకునేటప్పుడు సారు తోచిన పుట్టినతేదీ వేసేవాడు. నా ఈడు వాళ్ళలో ఎంతోమంది పుట్టింది జూలై 1నే!)

ఆ అంకె మొదట పద్దెనిమిది కాదు. 1950లో అమలులోకి వచ్చిన మన రాజ్యాంగం 326వ అధికరణంలో ఇరవై ఒక్క ఏళ్ళు నిండిన ప్రతి ఒక్కరికీ ఓటు ఇచ్చింది. అప్పుడు దేశంలో చదవను రాయను వచ్చినవాళ్ళు నూటికి ఇరవై మంది కూడా లేరు. వీళ్ళకు ఏం తెలుసునని ఓటు అని పెదవి విరిచినవాళ్ళు చాలామందే ఉన్నారు. పేర్లు చదవలేనివాళ్ళ కోసం గుర్తులు పెట్టారు, 1952లో మన వరంగల్లు జనం ఆ గుర్తులు చూసే ఓటు వేసి పెండ్యాల రాఘవరావు గారిని లోక్‌సభకు పంపించారు. 'ఏం తెలుసు' అన్న మాట ఇప్పుడు మీ పిల్లల మీద వాడుతున్నారు గాని, అది అంతకుముందు మీ ముత్తవ్వల మీద వాడిన మాటే.

మా పెద్దన్న సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. 1969లో తెలంగాణ ఉద్యమం వచ్చినప్పుడు అతడు వరంగల్లులో కాలేజీ విద్యార్థి. చదువు మానుకొని ఊరేగింపుల్లో తిరిగి, లాఠీ దెబ్బలు తిని, వీపు చూపించకుండా అమ్మ దగ్గర చొక్కా విప్పడమే మానేశాడు. 1971 లోక్‌సభ ఎన్నికలు వచ్చేసరికి గోడల మీద సున్నంతో రాతలు రాసింది అతడే, ముసలివాళ్ళను మా నాయన బండి మీద పోలింగు కేంద్రానికి చేరవేసిందీ అతడే. ఆ ఉద్యమ పార్టీ తెలంగాణ ప్రజాసమితి ఆ ఎన్నికల్లో పది లోక్‌సభ స్థానాలు గెలిచింది. చదువురాని మా అమ్మ వేలికి సిరాతో బయటికి వచ్చింది. ఇరవై ఒకటి నిండని మా అన్న ఎడ్ల పగ్గాలు పట్టుకొని బయటే నిలబడ్డాడు. సరిగ్గా అదే సంవత్సరం అమెరికాలో, పద్దెనిమిదేళ్ళ పిల్లలను వియత్నాం యుద్ధానికి పంపిస్తూ వాళ్ళకు ఓటు లేదనడం ఏం న్యాయమన్న వాదన గెలిచి, రాజ్యాంగం సవరించి వయసును ఇరవై ఒకటి నుంచి పద్దెనిమిదికి దించారు. మనకు ఆ పని జరగడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. రాజీవ్ గాంధీ ప్రభుత్వ కాలంలో, 1988 డిసెంబరులో పార్లమెంటు ఓటు వయసును పద్దెనిమిదికి దించే రాజ్యాంగ 61వ సవరణను ఆమోదించింది. అది 1989 మార్చి 28న అమలులోకి వచ్చింది. ఆ నవంబరు ఎన్నికల్లో పద్దెనిమిదేళ్ళవాళ్ళు మొదటిసారి లోక్‌సభకు ఓటు వేశారు. వాళ్ళకు ఓటు ఇచ్చిన ప్రభుత్వమే ఆ ఎన్నికల్లో ఢిల్లీలో అధికారం పోగొట్టుకుంది. ఓటు ఇచ్చినవాడికి ఓటు బాకీ ఉండదు.

ఇప్పుడు వాదన పదహారు దగ్గరికి వచ్చింది. బ్రెజిల్ 1988 నుంచి పదహారు, పదిహేడేళ్ళ వాళ్ళకు ఇష్టమైతే వేయమంటోంది. ఆస్ట్రియా 2007లో పదహారుకు దించింది. పదహారుకే ఓటు కావాలనేవాళ్ళు చెప్పే కారణాల్లో నాకు నచ్చింది ఒకటుంది: పద్దెనిమిదేళ్ళకు పిల్లలు చదువుకో పనికో ఇల్లు విడిచిపోతారు, పదహారుకు ఇంకా అమ్మానాన్నల దగ్గరే ఉంటారు గనుక మొదటి ఓటు ఇంటి నుంచే వేసి అలవాటు చేసుకుంటారని. వినడానికి బాగుంది గాని మన దగ్గర ఆ లెక్క తిరగబడుతుంది. పదో తరగతి కాగానే మన పిల్లలు హనుమకొండ ఇంటర్ హాస్టళ్ళలో పడతారు. పండుగకే ఇంటికి పంపని హాస్టలు పోలింగుకు పంపుతుందా? పదహారేళ్ళవాడి ఓటు నాన్న చేతిలోనో, ఫీజు రాయితీ ఇచ్చినవాడి చేతిలోనో ఉంటుందన్న భయం కూడా నాకు ఉంది. అయితే ముప్పై ఏళ్ళవాడి ఓటు కూడా ఒక రాత్రి సీసాకు అమ్ముడుపోవడం చూశాను గనుక, ఆ భయాన్ని మీ ఒక్కరి మీదనే మోపడం న్యాయం కాదు.

నా కోడె పోలిక ఇక్కడిదాకా బాగానే నడిచింది, ఇక్కడ మొరాయిస్తోంది. కోడెకు పొలం ఏదో, పంట ఏదో చెప్పే హక్కు లేదు. అది బరువు మోయగలదా అన్న ఒక్కటే మా నాయన చూసేవాడు. ఓటు అట్లా కాదు. ఓటు వేసేవాడు కాడి కింద ఉండేవాడు కాదు, పగ్గం ఎవరి చేతికి ఇవ్వాలో చెప్పేవాడు. కాబట్టి 'ఎంత బలం వచ్చింది' అని కాక, 'ఆ నిర్ణయం ఎవరి మీద పడుతుంది' అని అడగాలి. మీ ఊరి బడి గోడ, నీళ్ళ ట్యాంకు, చెరువు గట్టు దారి – వీటి మీద సర్పంచి తీసుకునే నిర్ణయం నీ మీద పడినంతగా నా మీద పడదు. అందుకని అసెంబ్లీకి, లోక్‌సభకు పద్దెనిమిది ఉండనిచ్చి, గ్రామ పంచాయతీకి పదహారు పెట్టి చూస్తే తప్పు లేదని నేను అనుకుంటాను. ఇది కొత్త దారి కూడా కాదు: కొన్ని రాష్ట్రాలు అప్పటికే స్థానిక ఎన్నికలకు పద్దెనిమిది పెట్టుకున్నాయన్న మాట 61వ సవరణ ఉద్దేశాలలోనే ఉంది. ముందు గుంటుక, తరువాతే నాగలి. మీ నాన్న దీనికి ఒప్పుకోడు, ఫోన్లో నాతో ఇప్పటికే వాదించాడు.

ఇక నీవు చేయవలసిన పని చెబుతాను. ఓటర్ల ముసాయిదా జాబితా పోలింగు కేంద్రంలో పెట్టినప్పుడు మీ అమ్మను తీసుకొని వెళ్ళు. మీ ఇంటి నంబరు ఉన్న పేజీ తీసి, పేర్ల పక్కన వయసు ఎక్కడ రాశారో చూడు. మీ వాడలో పద్దెనిమిది, పంతొమ్మిది అని రాసినవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టు. ఆ వయసున్నవాళ్ళు నిజంగా ఎందరున్నారో నీకు తెలుసు గదా, ఎవరి పేరు లేదో నీకే తెలిసిపోతుంది. పద్దెనిమిది నిండాయా అని చూడడానికి 2022 వరకు జనవరి 1 ఒక్కటే లెక్క గనుక జనవరి 2న పుట్టినవాడు ఏడాది ఆగవలసి వచ్చేది. ఇప్పుడు జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు నెలల మొదటి తేదీలు నాలుగూ లెక్కే, పదిహేడు నిండగానే ఓటరుగా పేరు చేర్చమనే దరఖాస్తు, అంటే ఫారం 6, ముందుగా ఇచ్చుకోవచ్చు. పక్కింటి అక్కకు పదిహేడు దాటింది గదా, ఆమె ఇచ్చిందో లేదో అడుగు. అడిగి, నీవైతే ఏ ఎన్నికకు ఏ వయసు పెడతావో, ఎందుకో, కారణంతో సహా నాకు రాయి. మీ నాన్నకు చూపించకుండా రాయి.

మీ తాత