అక్వేరియం ఓవర్‌ఫ్లో పైపులు: అపోహలు - వాస్తవాలు

"పైపు గుడగుడమంటోంది, రాత్రి నిద్ర పట్టడం లేదు, కింద ఒక వాల్వు పెట్టి కాస్త బిగిస్తే సరిపోతుందట కదండీ?" అని అడిగే ఫోను రాని వారం నాకు ఉండదు.

అపోహ: ఒకే పైపు చాలు, వాల్వు బిగిస్తే శబ్దం పోతుంది.

వాస్తవం: శబ్దం పోతుంది, ఈ అపోహకు బలం అదే. గుడగుడ నీటిది కాదు, నీటితోపాటు దిగే గాలిది. వాల్వు బిగించగానే పైపు నీటితో నిండి, గాలి ఆగి, పూర్తి సైఫన్ ఏర్పడుతుంది. అయితే అప్పటినుంచి ట్యాంకు కిందనున్న తొట్టి (సంప్)లోకి పైపు దింపే నీరు, అక్కడినుంచి మోటారు తిరిగి ట్యాంకులోకి ఎక్కించే నీరు సరిగ్గా సమానంగా ఉండి తీరాలి. దిగేది తగ్గితే ట్యాంకు పొర్లుతుంది, పెరిగితే పైపు మళ్లీ గాలి మింగుతుంది. మట్టం పెరిగితే ఒత్తిడి పెరిగి అదే సర్దుకుంటుందని వాదించేవారున్నారు కానీ, సంప్‌కు 75 సెంటీమీటర్ల దిగుడు ఉన్నచోట మట్టం ఒక సెంటీమీటరు పెరిగితే ప్రవాహం ఒక్క శాతం కూడా పెరగదు.

తొలిరోజుల్లో మా ఇంటి నాలుగడుగుల ట్యాంకుకు నేనూ ఇలాగే బిగించాను. నెలల తరబడి చప్పుడు లేదు. ఒక ఆదివారం నీటిని పైకి ఎక్కించే ఆ రిటర్న్ మోటారు విప్పి, లోపల తిరిగే రెక్కలకు (ఇంపెల్లరు) పట్టిన పాచి కడిగాను. శుభ్రపడిన మోటారు మునుపటికన్నా ఎక్కువ నీరు ఎక్కించింది, వాల్వు మాత్రం పాత లెక్కలోనే ఉండిపోయింది. తెల్లవారేసరికి సంప్‌లో మోటారు గది ఎండిపోయి, ఆ నీళ్లన్నీ హాల్లో ఉన్నాయి. కింది ఇంటావిడ చెమ్మగిల్లిన తమ పైకప్పు చూపించి ఒక్క మాటా అనలేదు. నాలుగు తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

కాబట్టి రెండు పైపులు తప్పనిసరి, మూడైతే మేలు. మూడు పైపుల బీన్‌యానిమల్ పద్ధతిలో మొదటిది గేట్ వాల్వు ఉన్న సైఫన్. రెండవదానిలో సన్నని ధార మాత్రమే జారుతూ హెచ్చుతగ్గులను సర్దుతుంది. వాటికన్నా ఎత్తున మూతి ఉన్న మూడవది ఎప్పుడూ పొడిగా, ఏ వాల్వూ లేకుండా ఉండాలి. ఈ అత్యవసర పైపు కొసను సంప్ నీటిమట్టానికి పైన ఆపుతాను, ఎందుకంటే అందులోకి నీరు వచ్చిన రోజు ఆ చప్పుడే ఇంటివారిని లేపుతుంది. ట్యాంకు అప్పగించే ముందు సైఫన్ వాల్వును పూర్తిగా మూసి మిగిలినవి మొత్తం నీటిని మోయగలవో లేదో చూస్తాను. తరువాత కరెంటు ఆపి, మళ్లీ ఇస్తాను. సైఫన్ తనంతట తాను అందుకోకపోతే దాని కొస సంప్ నీటిలో మరీ లోతుగా ఉందన్నమాట, అంగుళం మునిగితే చాలు.

అపోహ: లావు పైపు అయితే చప్పుడు రాదు.

వాస్తవం: గాలి దిగినంత కాలం వస్తుంది.

అపోహ: గేట్ వాల్వు బదులు బాల్ వాల్వు అయినా ఒకటే.

వాస్తవం: మూయడానికి ఒకటే, సన్నగా సరిచేయడానికి కాదు.

అపోహ: నీటిని వెనక్కి రానివ్వని చెక్ వాల్వు ఉంటే కరెంటు పోయినా భయం లేదు.

వాస్తవం: ఒక చిన్న నత్త ఇరుక్కుంటే అది మూసుకోదు. అప్పుడు 120 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు ఉన్న ట్యాంకులో రిటర్న్ నాజిల్ (మోటారు నీరు ట్యాంకులోకి వచ్చే మూతి) 10 సెంటీమీటర్ల లోతున ఉంటే 72 లీటర్ల నీరు వెనక్కి దిగుతుంది, 2.5 సెంటీమీటర్ల లోతుకు ఎత్తితే 18 లీటర్లే. కరెంటు పోతే ఏమవుతుందోనని ఊరు వెళ్లడానికి కూడా జంకేవారిని చూశాను. వారికి చెప్పేది ఒక్కటే. మోటారు ఆపి, దిగవలసిన నీరంతా దిగాక సంప్‌ను అంచుకు రెండంగుళాల కింది వరకు నింపండి, మోటారు వేసి మట్టం నిలకడ పడ్డాక అక్కడ గీత గీయండి, ఆ గీత దాటి ఎప్పుడూ నీరు పోయకండి.