కదలకపోయినా ఖర్చయ్యే క్యాలరీలు

మంచం మీద కదలకుండా పడుకున్నా ఒంట్లో పొయ్యి ఆరదు. మెదడు, కాలేయం, గుండె, మూత్రపిండాలు కలిపి శరీర బరువులో ఐదారు శాతమే. కానీ విశ్రాంతిలో ఖర్చయ్యే క్యాలరీల్లో సగానికి పైగా వాటికే పోతాయి. కిలో కాలేయం రోజుకు సుమారు 200 క్యాలరీలు ఖర్చు చేస్తే, కిలో కండ 13, కిలో కొవ్వు నాలుగైదు మాత్రమే. ఒకే బరువున్న ఇద్దరికి విశ్రాంతిలో ఖర్చయ్యే క్యాలరీల అంకె ఒకేలా రాకపోవడానికి ఇదో ముఖ్య కారణం.

ఈ ఖర్చును కచ్చితంగా కొలవాలంటే దాదాపు 12 గంటలు ఏమీ తినకుండా, పడుకుని, పీల్చే ఆక్సిజన్‌నూ వదిలే కార్బన్ డయాక్సైడ్‌నూ కొలిచే యంత్రం కావాలి. ఇంట్లో అయితే సూత్రమే దిక్కు. అమెరికాలో 498 మంది కొలతలతో 1990లో వచ్చిన మిఫ్లిన్-సెయింట్ జియోర్ సూత్రం ఇది: కిలోల్లో బరువును 10తో, సెంటీమీటర్లలో ఎత్తును 6.25తో గుణించి కలపాలి. వయసును 5తో గుణించి అందులోంచి తీసేయాలి. ఆపైన మగవాళ్లకు 5 కలపాలి, ఆడవాళ్లకు 161 తీసేయాలి.

మాదాపూర్‌లో కూర్చుని పనిచేసే 45 ఏళ్ల మహిళ బరువు 62 కిలోలు, ఎత్తు 155 సెంటీమీటర్లు అనుకుందాం. 620కి 969 కలిపి, 225, 161 తీసేస్తే 1203. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2010లో ప్రచురించిన సిఫారసుల్లో 30-60 ఏళ్ల స్త్రీలకు సమీకరణం వేరు: బరువును 8.3తో గుణించి 788 కలపాలి. అప్పుడు 1303 వస్తుంది. అంతర్జాతీయ సమీకరణాన్ని భారతీయుల కోసం 5 శాతం తగ్గించి తీసుకున్నది ఇది. అయినా ఎత్తు ఇందులో లేదు. 31 ఏళ్లకైనా 59 ఏళ్లకైనా అదే అంకె. పొట్టిగా ఉండి కొవ్వు ఎక్కువున్నవారికి ఇది ఎక్కువ చూపే అవకాశం ఉంది కాబట్టి, అలాంటివారు మొదటి సూత్రంతో మొదలుపెట్టడమే మేలు.

పొరపాటు ఎక్కువగా ఎత్తు దగ్గరే జరుగుతుంది. ఐదడుగుల పది అంగుళాలను 5.10 అని రాసి 30.48తో గుణిస్తే 155 సెంటీమీటర్లే వస్తుంది. అసలు ఎత్తు 178. ఆ ఒక్క తప్పుతో 140 క్యాలరీలు ఎగిరిపోతాయి. అంగుళాలన్నీ కలిపి (ఇక్కడ 70) 2.54తో గుణించండి.

లెక్క సరిగ్గా చేసినా పది శాతం అటూఇటూ తేడా మామూలే. అంటే 120 క్యాలరీలు, ఒక పెద్ద చెంచా నెయ్యంత. కూర్చుని చేసే ఉద్యోగమైతే 1203ను 1.4తో గుణించండి, సుమారు 1680. ఇది రోజు మొత్తం అవసరం. రెండు మూడు వారాలు అంతే తింటూ, రోజూ పొద్దున్నే ఏమీ తినకముందు అదే త్రాసు మీద బరువు చూసి వారం సగటు రాసుకోండి. సగటు కదలకపోతే 1680 సరిపోయినట్టే. పెరుగుతుంటే 100 తగ్గించి, తగ్గుతుంటే 100 పెంచి, మరో రెండు వారాలు చూడండి.