పురికొస కట్టిన పొట్లం

చిరంజీవులైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. పేర్లు, చిరునామాలు, పిన్‌కోడ్‌లు కామాలతో విడదీసి ఉన్న ఫైలును పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతో చదివిస్తే ఒక చిరునామా మూడు ముక్కలై, పిన్‌కోడ్ చోట వీధి పేరు వచ్చిందని రాశారు. కామా దగ్గర కొయ్యమని స్ప్లిట్ అనే ఆదేశం ఇస్తే కోసింది కదా, తప్పెక్కడ అని మీ ప్రశ్న.

మా చిన్నప్పుడు కిరాణా కొట్లో ప్లాస్టిక్ సంచులు లేవు. కందిపప్పు, చింతపండు, బెల్లం అన్నీ పాత పత్రికల కాగితంలో పొట్లాలే. శెట్టిగారు పైన వేలాడే డబ్బాలోంచి పురికొస లాగి, రెండు చుట్లు చుట్టి, పటుక్కున తెంపేవారు. అది చూడటానికే సరుకులకు నేను వెళ్లేవాణ్ని. ఇల్లు చేరేసరికి బెల్లం పొట్లం ఒక మూల చిరిగి ఉండేది. ఎందుకో అమ్మకు తెలుసు.

మీ ఫైలు సరుకుల బండి. ఒక్కో వరుస ఒక్కో ఇంటివారి సంచి, సంచి నిండా పొట్లాలు. లిస్టులో లిస్టు అంటే ఇంతే. మూడో సంచిలో రెండో పొట్లం కావాలంటే వరుసలు[2][1] అనాలి. పైథాన్ లెక్క సున్నాతో మొదలవుతుంది మరి. లవంగాలు, యాలకులు, దాల్చినచెక్క కలిపి ఒకే పొట్లం కట్టించుకునేవాళ్లూ ఉంటారు. లోపల కామాలున్న మీ చిరునామా అలాంటిదే. ఆ పొట్లం చుట్టూ ఉన్న పురికొసే జంట కొటేషన్ గుర్తులు ("). స్ప్లిట్‌కు కొసతో పనిలేదు, కామా కనబడితే కత్తి వేస్తుంది. పైథాన్‌తోపాటే వచ్చే సీఎస్‌వీ మాడ్యూల్, అంటే ఇలా కామాలతో విడదీసిన ఫైళ్లు చదవడానికి ముందే రాసిపెట్టిన పనిముట్టు, ముడి చూసి ఆగుతుంది. కొటేషన్ల లోపల పంక్తి మారినా కంగారుపడదు. లోపలే కొటేషన్ గుర్తు రావాలంటే దాన్ని రెండుసార్లు రాస్తారు. దీనికి శెట్టిగారి కొట్లో పోలిక దొరకలేదు. దశాబ్దాలుగా ఎవరికి తోచినట్టు వాళ్లు రాసుకున్నాక, 2005లో ఆర్‌ఎఫ్‌సీ 4180 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంలో ఈ ఆనవాయితీని అక్షరాల్లో పెట్టారు.

ఇంకొకటి. పొట్లంలోంచి వచ్చేదంతా అక్షరాలే. 12కు 5 కలిపితే 125 వచ్చిందని మళ్లీ ఉత్తరం రాయకండి, ముందు ఇంట్ అనే ఆదేశంతో సంఖ్యగా మార్చండి. యంత్రాన్ని తిట్టేముందు దానికి మనం ఏం చెప్పామో ఒకసారి చదువుకోవడం మంచిది. తమ్ముళ్ల విషయంలోనూ ఇది పనికొస్తుంది.

ఇప్పుడు ఆ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరవండి. ఎక్సెల్‌లో వద్దు, అది పొట్లాలు విప్పేసి చూపిస్తుంది. చిరునామాకు రెండు వైపులా కొటేషన్లు ఉంటే స్ప్లిట్ తీసేసి ఆ మాడ్యూల్‌లోని సీఎస్‌వీ రీడర్ పెట్టండి. లేకపోతే ఏ మాడ్యూలూ ఏమీ చేయలేదు, ఫైలు తయారుచేసినవారినే అడగాలి. ఏది కనబడిందో రాయండి.

మీ తాతయ్య