వెనక పైపు

అనంతపురంలో మా వీధి మలుపులో ఒక నీళ్ల ప్లాంటు ఉంది. పొద్దున ఆరింటికే బండ్లకు క్యాన్లు తగిలించుకుని జనం వచ్చేస్తారు. ముందు గోడకున్న కొళాయి అందరికీ తెలిసిందే. షెడ్డు వెనక నుంచి ఇంకో పైపు బయటికొస్తుంది. దాని కింద సిమెంటు మీద తెల్లటి పొర కట్టింది, గోరుతో గీకితే సుద్దలా రాలుతుంది. "ఈ నీళ్లు యాడికి పోతాయప్పా?" అని అడిగితే ప్లాంటు పిల్లోడు తల కూడా ఎత్తకుండా, "యాడికి పోతాయి సార్, కాలవకే" అన్నాడు.

నీళ్లు శుద్ధి చేయడమంటే మురికిని మాయం చేయడం అనుకుంటాం. మా బోరు నీళ్లలో ఎక్కువగా ఉండే ఫ్లోరైడు విషయంలో అది కుదరదు. ఫ్లోరైడును కాల్చలేం, కుళ్లబెట్టలేం. కాచితే నీళ్లు ఆవిరై, మిగిలినవాటిలో అది ఇంకా చిక్కబడుతుంది. ఒకచోట నుంచి తీసి ఇంకోచోట పెట్టడమొక్కటే చేయగలిగింది.

అసలు ఇంత ఫ్లోరైడు ఎక్కడిది? మన కాళ్ల కింది రాళ్లదే. గ్రానైటు, నైస్ రాళ్లలో ఉండే నల్ల అభ్రకం, అపటైటు, ఫ్లోరైటు లాంటి ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంటుంది. రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీళ్లలోకి అది మెల్లగా దిగుతుంది. నీళ్లలో కాల్షియం దండిగా ఉంటే ఫ్లోరైడును ఎక్కువ కరగనివ్వదు. మన దగ్గర వానలు తక్కువ, ఎండలు ఎక్కువ కాబట్టి ఆ కాల్షియం కాస్తా నేలలోనే సున్నపు గడ్డలుగా పేరుకుపోతుంది. ఇక ఫ్లోరైడుకు అడ్డం లేదు. లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా తాగొచ్చని మన దేశ ప్రమాణం. అది దాటిన నీళ్లు తాగిన పిల్లల పళ్లు గారపడతాయి. ఇంకా ఎక్కువైతే, ఏళ్లు గడిచేకొద్దీ ఎముకలు బిగుసుకుపోతాయి. మన దేశంలో ఈ జబ్బును వైద్యులు మొదట రాసిపెట్టింది కూడా మన తెలుగు నేల మీదే, 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో.

అన్నట్టు, అమ్మేవాళ్లు నీళ్లలో ముంచి చూపించే టీడీఎస్ మీటరును చూసి మురిసిపోకండి. అది కరిగిన లవణాలన్నిటినీ కలిపి ఒక అంచనా చెబుతుంది, ఫ్లోరైడు సంగతి విడిగా చెప్పలేదు. 400 చూపించే బోరు నీళ్లలో 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఉండొచ్చు, 1200 చూపించే నీళ్లలో ఒక్కటి కూడా లేకపోవచ్చు.

ఇప్పుడు వెనక పైపు లెక్క. బోరు నుంచి 1000 లీటర్లు తోడారనుకుందాం, లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడు. మొత్తం 3 గ్రాములు. ప్లాంటులోని ఆర్వో పొర (నీళ్లను పోనిచ్చి, కరిగిన లవణాల్లో చాలావరకు ఆపే సన్నటి జల్లెడ లాంటిది) సగం నీళ్లను శుభ్రంగా ఇచ్చిందనుకుంటే 500 లీటర్లు క్యాన్లలోకి పోతాయి. వాటిలో లీటరుకు 0.3 చొప్పున మొత్తం 0.15 గ్రాము. మిగిలిన 2.85 గ్రాములూ వెనక పైపులో పోయే 500 లీటర్లలోనే ఉండాలి కదా. అంటే లీటరుకు 5.7 మిల్లీగ్రాములు, వచ్చినప్పటికి దాదాపు రెట్టింపు. ఆ నీళ్లను వీధి కాలవకు వదిలితే ఒక తప్పు. "భూగర్భ జలం పెంచుతున్నాం" అంటూ తిరిగి బోరు పక్కన గుంతలోకే వదిలితే అంతకంటే పెద్ద తప్పు. ఎత్తిన బరువును ఇంకాస్త చిక్కచేసి మళ్లీ మన నెత్తినే పెట్టుకున్నట్టు.

మిగతా పద్ధతులకూ ఇలాంటి వెనక పైపు ఉంది. నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరి' రూపొందించిన నల్గొండ పద్ధతిలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడరు కలిపి తేరనిస్తారు. కరెంటు అక్కర్లేదు, ఊళ్లో దొరికే సరుకే. కానీ అడుగున అల్యూమినియం, ఫ్లోరైడు కలిసిన బురద మిగులుతుంది. ఫ్లోరైడును తనకు అంటించుకునే గుళికలుండే యాక్టివేటెడ్ అల్యూమినా ఫిల్టరైతే కొన్నాళ్లకు నిండిపోతుంది. దాన్ని కాస్టిక్ సోడాతో కడిగితే అంతవరకూ పట్టిన ఫ్లోరైడంతా ఆ కడిగిన నీళ్లలోకి వస్తుంది.

వెనక పైపు నీళ్లకు సున్నం వేసి ఫ్లోరైడును గట్టి పదార్థంగా అడుక్కి దించేయొచ్చు కదా అని మా దగ్గర ఒక ఇంజనీరింగ్ కుర్రాడు అడిగాడు. మంచి ప్రశ్నే. చిక్కెక్కడంటే, అలా ఏర్పడే కాల్షియం ఫ్లోరైడు కూడా కొద్దిగా నీళ్లలో కరుగుతుంది. మామూలుగా సున్నం ఒక్కటే వాడితే ఫ్లోరైడు లీటరుకు 8–10 మిల్లీగ్రాముల దాకా దిగి ఆగిపోతుంది. మన పైపులో ఉన్నది 5.7. ఫ్లోరైడు దండిగా ఉండే ఫ్యాక్టరీ మురుగుకు పనికొచ్చే మందు ఇక్కడ పనికిరాదు.

అందుకే ఆ నీళ్లను శుద్ధి చేయడంకన్నా వాడుకోవడమే నయం. మరుగుదొడ్డికి, బండలు కడగడానికి, బండి కడగడానికి నిక్షేపంగా పనికొస్తాయి, ఫ్లోరైడు కడుపులోకి పోతేనే కదా చేటు. చెట్లకు మాత్రం ఏళ్ల తరబడి పోయకూడదు, సోడియం చేరి నేల చౌడు తేలుతుంది.

ఫ్లోరైడు లేని నీళ్లు తెచ్చుకుంటే ఈ తంటాలేవీ ఉండవు. 1990ల మధ్యలో సత్యసాయి తాగునీటి పథకం జిల్లాలో 700కు పైగా ఊళ్లకు నీళ్లిచ్చింది. పెన్నహోబిలం రిజర్వాయరు నీళ్లు అనంతపురానికి వస్తున్నాయి. ఇక మూడోది నెత్తిమీదే ఉంది. వాన నీళ్లలో ఫ్లోరైడు లేనట్టే లెక్క. మన జిల్లాలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. కరువొచ్చి 300 మాత్రమే పడిందనుకోండి. 100 చదరపు మీటర్ల స్లాబు మీద 30,000 లీటర్లు. ఐదో వంతు పోయినా 24,000. ఐదుగురున్న ఇంట్లో తాగడానికి, వంటకు మనిషికి రోజుకు 5 లీటర్లు వేసుకుంటే ఏడాదికి 9,125 లీటర్లు. కరువు ఏడాదిలోనూ రెండింతలు పైగా ఉంది! పాత మట్టి మిద్దెకు ఈ లెక్క పనికిరాదు, సిమెంటు స్లాబుకే. మొదటి వాన దుమ్ము కడిగి పోనివ్వాలి, ఆ తర్వాతి నీళ్లను ఇసుక, గులకరాళ్ల మీదుగా మూత ఉన్న సంపులోకి దించాలి. తాగేముందు కాచుకోవాలి. ఖర్చంతా సంపుదే.

మొన్న వాన పడ్డప్పుడు మిద్దెక్కి చూశాను. మా స్లాబు నీళ్లు గోడ వెంబడి పైపులో దిగి నేరుగా వీధి కాలవలో పడుతున్నాయి, ప్లాంటు వెనక పైపుకు నాలుగడుగుల ఎగువన.