సున్నా దగ్గరి మంచే మరీ జారుడు

అమెరికా ఉత్తరాన ఉన్న మిన్నెసోటాలో మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ చలిలో గడ్డకట్టిన రోడ్డు కన్నా, దక్షిణాన టెక్సస్‌లోని డాలస్‌లో మైనస్ 1 డిగ్రీ దగ్గర గడ్డకట్టిన రోడ్డు ఎక్కువ జారుతుంది. చలి పెరిగేకొద్దీ జారుడూ పెరుగుతుందని అనుకుంటాం గానీ, నిజం దానికి తలకిందులు. బాగా చల్లబడిన మంచు గట్టిగా, పొడిగా ఉంటుంది. దాని మీద రబ్బరుకు కొంత పట్టు దొరుకుతుంది. సున్నాకు ఒకటి రెండు డిగ్రీల కింద ఉన్న మంచు మీద సన్నటి తడి పొర ఉంటుంది. అక్కడ ఆ కాస్త పట్టు కూడా సగానికి పడిపోతుంది.

డాలస్ శివారు ఊళ్లైన ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనో చుట్టుపక్కల ఉంటున్న వేలాది తెలుగు కుటుంబాలకు చలికాలంలో ఎదురయ్యేది ఈ రెండో రకం మంచే. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఏళ్ల తరబడి బండి నడిపిన చేతికి వాన తెలుసు, గుంతలు తెలుసు, రాంగ్ రూట్లో ఎదురొచ్చే ఆటో తెలుసు. గడ్డమంచు మాత్రం తెలియదు. ఆ మాటకొస్తే టెక్సస్‌లోనే పుట్టిపెరిగిన వాళ్లకూ పెద్దగా తెలియదు. ఏడాదికి రెండు మూడు రోజులు, కొన్ని ఏళ్లలో అసలు రాని మంచుకు ఎవరికీ అలవాటు ఏర్పడదు.

మంచు ఎందుకు జారుతుందన్న ప్రశ్నకు బడి పుస్తకాల్లో ఒక పాత జవాబు ఉండేది: బరువు వల్ల ఒత్తిడి పెరిగి మంచు కరుగుతుందని. లెక్క వేసి చూస్తే అది నిలవదు. ఒక అట్మాస్ఫియర్ ఒత్తిడి పెరిగితే మంచు కరిగే ఉష్ణోగ్రత తగ్గేది సుమారు 0.0075 డిగ్రీలే. కారు టైరు నేల మీద మోపే ఒత్తిడి దాదాపు దాని గాలి ఒత్తిడంతే, అంటే 33 పీఎస్ఐ అనుకుంటే రెండుంపావు అట్మాస్ఫియర్లు. దాంతో వచ్చే మార్పు డిగ్రీలో యాభయ్యో వంతు కూడా లేదు. అసలు కారణాలు రెండు. మంచు పైపొరలోని అణువులకు పైన పట్టుకునే జోడు లేక, అవి వదులుగా, సగం ద్రవంలా ఉంటాయి. మైకేల్ ఫారడే 1850లోనే ఈ పొర సంగతి ఊహించాడు. దానికి తోడు, జారే టైరు రాపిడికి పుట్టే వేడి మరికొంత మంచును కరిగిస్తుంది. సున్నాకు దగ్గరయ్యేకొద్దీ ఈ రెండూ పెరుగుతాయి.

టెక్సస్‌లో ఆ మంచు తయారయ్యే తీరు కూడా ప్రత్యేకం. కెనడా నుంచి దిగే ధ్రువపు చలిగాలిని అడ్డుకునే తూర్పు-పడమర కొండలు మధ్య అమెరికా మైదానాల్లో లేవు. బరువైన ఆ చలిగాలి నేలను అంటిపెట్టుకుని పల్చగా దక్షిణానికి జారుతుంది. గల్ఫ్ ఆఫ్ మెక్సికో నుంచి వచ్చే వెచ్చని తేమగాలి దాని పైకెక్కుతుంది. పైన మంచుగా మొదలైన చినుకు మధ్యలోని వెచ్చని పొరలో కరిగి నీరవుతుంది. కిందికొచ్చేసరికి సున్నా కంటే చల్లబడినా గడ్డకట్టే వ్యవధి దొరకదు. తారుకు తగలగానే అద్దంలా పరుచుకుంటుంది. కింది తారు స్పష్టంగా కనబడుతుంది కాబట్టి రోడ్డు ఉత్తి తడిగా ఉన్నట్టే తోస్తుంది. బ్లాక్ ఐస్ అంటే ఇదే. తడిగా కనిపిస్తున్నా ముందు కారు చక్రాల నుంచి తుంపర లేవడం లేదంటే, ఆ తడి నీరు కాదని అర్థం.

చినుకు కిందికి దిగేలోపే గడ్డకడితే రాలేవి మంచు పలుకులు. 2013 డిసెంబరులో డాలస్ ప్రాంతంలో అవి గుట్టగా రాలి, బండ్ల కింద నలిగి, సగం కరిగి, రాత్రికి మళ్లీ బిగిసి గతుకుల రాతిబాటలా మారాయి. అక్కడివాళ్లు దానికి కాబుల్‌స్టోన్ ఐస్ అని పేరు పెట్టారు. దాని మీద కనీసం ప్రమాదం కంటికి కనబడుతుంది.

ముందుగా గడ్డకట్టేది బ్రిడ్జిలు, ఫ్లైఓవర్లు. మామూలు రోడ్డుకు కింద నేల వెచ్చదనం ఉంటుంది. బ్రిడ్జికి పైనా గాలే, కిందా గాలే. డాలస్‌లో యూఎస్ 75, ఇంటర్‌స్టేట్ 635 కలిసే హై ఫైవ్ లాంటి అయిదంతస్తుల కూడలిలో పై ర్యాంపు నేలకు దాదాపు 120 అడుగుల ఎత్తున ఉంటుంది. కింద తడి రోడ్డు మీద హాయిగా వచ్చిన కారు, పైకెక్కగానే మంచు మీద ఉంటుంది. కారులోని థర్మామీటరు 35 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపిస్తోందంటే అది బంపర్ దగ్గరి గాలి సంగతి. మబ్బులేని తెల్లవారుజామున రోడ్డు ఉపరితలం గాలి కంటే కొన్ని డిగ్రీలు చల్లగా ఉండొచ్చు. చాలా కార్లు 37 డిగ్రీల దగ్గరే హెచ్చరిక గంట కొట్టేది అందుకే.

మంచు పట్టకుండా రోడ్డు మీద ఉప్పు చల్లారు కదా అన్న ధీమా కూడా పూర్తిగా పనికిరాదు. 23 శాతం ఉప్పునీరు ప్రయోగశాలలో మైనస్ 21 డిగ్రీల దాకా గడ్డకట్టదు. రోడ్డు మీద మాత్రం చలి మైనస్ 9 దాటితే సోడియం క్లోరైడ్, అంటే మామూలు ఉప్పు, పని బాగా నెమ్మదిస్తుంది. కాల్షియం, మెగ్నీషియం క్లోరైడ్లు ఇంకా కింది దాకా పనిచేస్తాయి గానీ ఖరీదెక్కువ. పైగా మంచుకు ముందు వాన కురిస్తే చల్లినదంతా కొట్టుకుపోతుంది. 2021 ఫిబ్రవరి 11న ఫోర్ట్‌వర్త్‌లో ఇంటర్‌స్టేట్ 35-డబ్ల్యూ ఎక్స్‌ప్రెస్ లేన్ల మీద తెల్లవారుజామున 130కి పైగా వాహనాలు ఒకదాన్నొకటి గుద్దుకుని ఆరుగురు చనిపోయారు. ఆ లేన్లకు రెండు రోజుల ముందే మంచు పట్టకుండా మందు కొట్టి ఉంది. రెండు పక్కలా కాంక్రీటు గోడలు కావడంతో తప్పుకునే చోటు కూడా లేదు.

ఇప్పుడు ఆగే దూరం చూద్దాం. పొడి తారు మీద రబ్బరు ఘర్షణ గుణకం, అంటే పట్టుకు కొలత, 0.7 అనుకుంటే, గట్టి మంచు మీద అది 0.1, తడి మంచు మీద 0.05 దగ్గర ఉంటుంది. గంటకు 60 మైళ్ల వేగంలో బ్రేకు పడ్డాక పొడి రోడ్డు మీద కారు 52 మీటర్లలో ఆగుతుంది. 0.1 ఉన్న మంచు మీద 367 మీటర్లు పోతుంది. వేగం 20 మైళ్లకు తగ్గించినా మంచు మీద 41 మీటర్లు కావాలి. పొడి రోడ్డు మీద 53 మైళ్ల వేగంతో వస్తున్న కారుకు పట్టేది అంతే దూరం. చూసి, తేరుకుని, బ్రేకు తొక్కేలోపు పోయే దూరం వీటికి అదనం. అందుకే ముందు కారుకు 8 నుంచి 10 సెకన్ల ఎడం ఉంచాలని చెబుతారు. మామూలు రోజుల మూడు సెకన్లు ఇక్కడ దేనికీ చాలవు.

చాలామంది లెక్కలోకి తీసుకోనిది వాలు. వంద అడుగులకు అయిదడుగులు దిగే ర్యాంపు మీద గురుత్వాకర్షణ ఒక్కటే 0.05 పట్టును తినేస్తుంది. గుణకం 0.1 ఉంటే ఆగే దూరం రెట్టింపవుతుంది. గుణకమే 0.05 ఉంటే ఆ వాలు మీద కారు ఆగదు, ఎంత నెమ్మదిగా వచ్చినా సరే. మలుపులోనూ అంతే. వంద మీటర్ల వ్యాసార్ధం ఉన్న చదునైన మలుపులో గట్టి మంచు మీద నిలదొక్కుకోగల గరిష్ఠ వేగం గంటకు 22 మైళ్లు, తడి మంచు మీద 16. మలుపు ర్యాంపులను లోపలి వైపుకు వాల్చి కడతారు కాబట్టి, మరీ నెమ్మదిగా పోయే కారు, ఆగిపోయిన కారు లోపలి గోడ వైపుకు పక్కకి జారిపోతాయి కూడా. ఇంత తెలిశాక మేమిచ్చే మొదటి సలహా ఒక్కటే: మంచు రోజున ఎత్తు ర్యాంపులున్న దారి వద్దు. పక్కనే నేల మీద పోయే సర్వీస్ రోడ్డు ఉంటుంది, సిగ్నళ్లున్నా అదే పట్టుకోండి. ఇంటి నుంచి పని చేసే వీలుంటే అసలు తాళంచెవే తీయకండి.

వెళ్లక తప్పకపోతే, టైరుకున్న పట్టును నెల జీతంలా చూసుకోవాలి. బ్రేకుకు ఖర్చయింది స్టీరింగ్‌కు మిగలదు. అందుకే మలుపుకు ముందే, కారు తిన్నగా ఉండగానే వేగం తగ్గించి, మలుపులో బ్రేకూ యాక్సిలరేటరూ ముట్టకుండా పోవాలి. వేగాన్ని కారే పట్టి ఉంచే క్రూయిజ్ కంట్రోల్ వేయకూడదు. బ్రేకు మెత్తగా, చాలా ముందుగా మొదలుపెట్టాలి. బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పనిచేస్తే పెడల్ కాలికింద గడగడా అదురుతుంది. అదేదో చెడిపోయిందని కాలు తీసేయకండి, పంపు కొట్టినట్టు తొక్కి వదలకండి, అలాగే నొక్కి ఉంచండి. మంచు మీద ఏబీఎస్ ఆగే దూరాన్ని పెద్దగా తగ్గించదు, స్టీరింగ్ మాట వినేలా మాత్రం చూస్తుంది. ఆల్ వీల్ డ్రైవ్ మీద కూడా భ్రమలొద్దు. నాలుగు చక్రాలకూ ఇంజన్ శక్తి అందితే కదలడం తేలికవుతుంది. ఆపేటప్పుడు ప్రతి కారుకూ నాలుగు చక్రాలకూ బ్రేకులు ఎలాగూ ఉన్నాయి.

స్టీరింగ్ తిప్పినా ముక్కు తిన్నగానే పోతోందంటే ముందు చక్రాలు జారుతున్నాయి. అప్పుడు ఇంకా తిప్పడం సహజంగా వచ్చే పొరపాటు. యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్‌ను కాస్త వెనక్కి తెచ్చి, చక్రాలకు పట్టు దొరికేదాకా ఆగాలి. తోక పక్కకి పోతోందంటే వెనక చక్రాలు జారుతున్నాయి. బ్రేకు ముట్టకుండా, మీరు పోదలచిన వైపు చూస్తూ అటే స్టీరింగ్ తిప్పి, కారు తిన్నగా వస్తున్నప్పుడు వెంటనే తిరిగి సరిచేయాలి. రెండోది మరిస్తే కారు అటువైపు తిరిగిపోతుంది. ఎలక్ట్రిక్ కార్లలో ఇంకో తిరకాసు ఉంది. పెడల్ మీద నుంచి కాలు ఠక్కున తీస్తే మోటారే బ్రేకు వేస్తుంది, దీన్నే రీజెన్ అంటారు. మోటారు వెనక చక్రాలనే తిప్పే కార్లలో ఆ బ్రేకంతా వెనకే పడి తోక జారొచ్చు. ఆ రీజెన్‌ను తగ్గించే సెట్టింగ్ ఉంటే ఇంటి దగ్గరే తగ్గించుకోవాలి. లేకపోతే కాలు నిదానంగా ఎత్తాలి.

కారు సిద్ధం చేసేది ముందు రోజు సాయంత్రం. ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గినప్పుడు టైర్లలో సుమారు ఒక పీఎస్ఐ గాలి తగ్గుతుంది. డాలస్‌లో ఒకే రోజులో 70 నుంచి 20కి పడితే అయిదు పీఎస్ఐ పోయినట్టే. డోరు అంచున రాసి ఉన్న అంకెకు నింపండి. గాలి తగ్గిస్తే పట్టు పెరుగుతుందన్న మాట ఇసుకకు సరే, మంచు రోడ్డుకు కాదు. మామూలు ఆల్ సీజన్ టైర్ల రబ్బరు 7 డిగ్రీల సెల్సియస్ కింద బిగుసుకోవడం మొదలవుతుంది. గాడి లోతు మూడు మిల్లీమీటర్ల కంటే తగ్గి ఉంటే ఆ కారు ఇంట్లోనే ఉండాలి. వైపర్ నీళ్ల డబ్బాలో వేసవి ద్రవం ఉంటే అది గడ్డకడుతుంది. మైనస్ 20 ఫారెన్‌హీట్ దాకా పనిచేసే రకం కొని నింపండి. అద్దం మీద వేడినీళ్లు పోస్తే పగులుతుంది. 70 శాతం రబ్బింగ్ ఆల్కహాల్ రెండు పాళ్లు, నీళ్లు ఒక పాలు కలిపి స్ప్రే చేసి గీకితే మంచు తేలిగ్గా వస్తుంది. డిక్కీలో ఒక దుప్పటి, ఫోన్ చార్జర్, ఒక సంచి ఇసుక లేదా ముద్దకట్టని రకం పిల్లి లిట్టర్ పెట్టుకోండి. ముద్దకట్టే రకం తడి తగలగానే బురదైపోతుంది. చక్రం ఒకేచోట తిరుగుతుంటే ఇంకా తొక్కకండి. అది కింది మంచును కరిగించి నునుపు చేస్తుంది. ఆ ఇసుకను చక్రం ముందు చల్లి మెల్లగా కదపండి.

హైవే మీద ఇరుక్కుపోతే హజార్డ్ లైట్లు వేసి బెల్టు పెట్టుకునే ఉండాలి. వెనక నుంచి ఇంకా బండ్లు జారుకుంటూ వస్తున్నప్పుడు రెండు కార్ల మధ్య నిలబడడం అన్నిటికంటే ప్రమాదం. బ్రిడ్జి మీద గోడ దాటేముందు అవతల నేల ఉందో లేదో చూసుకోవాలి, రెండు బ్రిడ్జిల మధ్య ఖాళీ చీకట్లో కనబడదు. ఇంజన్ వేసి వెచ్చబడాలంటే ముందు సైలెన్సర్ గొట్టం మంచుతో మూసుకుపోలేదని చూసి, గంటకు పది నిమిషాలు వేస్తే చాలు, కిటికీ ఒక వేలెడు తెరిచి. మూసిన గరాజ్‌లో మాత్రం ఎప్పుడూ వద్దు. 2021లో కరెంటు పోయిన రాత్రుల్లో హ్యూస్టన్‌లో గరాజ్‌లో కారు నడిపి వెచ్చబడబోయిన వాళ్లు కార్బన్ మోనాక్సైడ్‌కు బలయ్యారు.

ఎండ వచ్చి కరగడం మొదలైన రోజు సాయంత్రం నుంచి మర్నాడు పొద్దున దాకా మళ్లీ జాగ్రత్త పడాలి. పగలు కరిగిన నీరు నీడ పడే చోట్ల, హైవే చప్పుడు ఆపే సౌండ్ వాల్స్ పక్కన, కాలనీ మలుపుల్లో రాత్రికి మళ్లీ బిగుస్తుంది. చలిగాలి ఉన్నన్నాళ్లూ లాన్ స్ప్రింక్లర్ల టైమర్ కూడా కట్టేయండి. తెల్లవారుజామున నాలుగింటికి అవి వాటంతటవే తిరిగి, ఇంటి ముందు రోడ్డంతా మంచు పరుస్తాయి, ఆకాశం నుంచి ఒక్క చినుకు పడకుండానే.