సపే గురించి నాకు తరచూ వినిపించే అపోహలు, అసలు సంగతులు

నేనుండేది మిరిలో, అంటే మలేసియా సరవాక్ రాష్ట్రం, బోర్నియో దీవి. వారమంతా ఆఫీసు, సెలవు దొరికితే చెక్కపని. ఇక్కడ బరామ్ నది ఎగువన కెన్యా, కయాన్ జనం ఉంటారు, సపే వాళ్ల తీగ వాయిద్యం. ఒక కెన్యా పెద్దాయన దగ్గర చెక్కడం నేర్చుకున్నా, డౌట్ వస్తే ఇప్పటికీ ఆయన్నే అడుగుతా. నేను చేసిన సపే ఫొటో పెట్టిన ప్రతిసారీ మనవాళ్లు అవే మాటలంటున్నారు కాబట్టి ఒకేసారి రాసేస్తున్నా.

అపోహ: ఇది బోర్నియో గిటార్.

చూడ్డానికి అలా అనిపిస్తుంది గానీ తయారీలో పోలికే లేదు. గిటార్ సన్నటి పలకలు అతికించి చేసిన పెట్టె, సపే మెడతో సహా ఒకే దుంగ, పొడవు మీటరు పైమాటే. వెనక నుంచి దోనె తొలిచినట్టు తొలుస్తాం, ఆ వెనక భాగానికి మూత వెయ్యం, అలాగే తెరిచి వదిలేస్తాం. మోగేదల్లా ముందు మిగిలిన పలకే, అందుకని పనంతా దాని మందంలోనే ఉంది, ముందు బాడిసతో మోటుగా తీసేసి తర్వాత ఉలితో కొంచెం కొంచెం తీస్తూ, వేలితో కొట్టి వింటూ, మళ్లీ తీస్తూ పోవాలి. నేనైతే 6-7 మిల్లీమీటర్ల దగ్గర ఆగి తీగలు కట్టి చూసి, అప్పుడు కావాలంటే ఇంకాస్త తీస్తా. మందంగా వదిలేస్తే శబ్దం లోపలే ఉండిపోతుంది, మరీ పల్చన చేస్తే తీగల లాగుడికి పలక కుంగుతుంది.

వాయించడం కూడా వేరే. పాటంతా దాదాపు ఒక్క తీగ మీదే నడుస్తుంది, చెయ్యి పలక పొడవునా పైకీ కిందికీ జారుతుంది, మిగతా తీగలు శ్రుతి వేస్తున్నట్టు మోగుతుంటాయి. గిటార్ మీద కార్డ్స్ (ఒకేసారి కొన్ని తీగలు కలిపి మోగించడం) అలవాటున్నవాళ్లకి ఇదే కష్టం.

అపోహ: ఒక్క తీగే కదా, చాలా ఈజీ.

పట్టుకున్న గంటకే ఏదో ఒక ట్యూన్ వస్తుంది, నిజమే. కానీ అసలు వాయించేవాళ్లని వింటే ఆ ఒక్క ట్యూన్‌నే గమకాలతో ఎన్ని రకాలుగా తిప్పుతారో. లాంగ్‌హౌస్‌లో, అంటే చాలా కుటుంబాలు కలిసుండే పొడవాటి ఇంట్లో, మగవాళ్ల డాన్స్‌కి ఒక శ్రుతి వరస, ఆడవాళ్ల డాన్స్‌కి ఇంకోటి. పాత ట్యూన్లే 35కి పైగా ఉన్నాయి, చాలావరకు కలలో వచ్చినవని చెప్తారు.

అపోహ: వేల ఏళ్లుగా మార్పు లేని వాయిద్యం.

ఈ మాటకి నాకు కొంచెం చిరాకు. పాత సపేకి రెండు తీగలు, మూడే మెట్లు (వీణకుండే లాంటివే, స్వరం కోసం తీగని నొక్కే చోట్లు), వైద్యం కోసం చేసే పూజల్లో వాయించేవాళ్లు. డాన్సులకీ సరదాకీ వాడటం మొదలయ్యాక తీగలు మూడూ నాలుగూ ఐదూ అయ్యాయి, మెట్లు పెరిగాయి, నార తీగల బదులు స్టీల్ వచ్చింది. ఇప్పుడు పికప్ (తీగల మోతని స్పీకర్‌కి పంపే పరికరం) పెట్టిన ఎలక్ట్రిక్ సపేలూ ఉన్నాయి, సరవాక్ రాజధాని కుచింగ్ దగ్గర 1998 నుంచి జరిగే రెయిన్‌ఫారెస్ట్ వరల్డ్ మ్యూజిక్ ఫెస్టివల్‌కి వెళ్తే చూడొచ్చు. వాళ్ల వాయిద్యం, వాళ్లే మార్చుకుంటున్నారు, అందులో మనకి అభ్యంతరం ఏంటో మరి.

అపోహ: ఆడవాళ్లు ముట్టుకోకూడదు.

ఒకప్పుడు ఆ కట్టుబాటు ఉండేది. ఇప్పుడు కెలాబిట్ తెగకి చెందిన అలెనా మురాంగ్ దేశదేశాల్లో వాయిస్తోంది, ఆవిడకి నేర్పింది మాథ్యూ న్గావ్ జావ్ అనే కెన్యా విద్వాంసుడే.

అపోహ: అడవిలోని అరుదైన గట్టి చెక్క కావాలి.

అస్సలు కాదు. ఇక్కడ గట్టి చెక్క అంటే బెలియాన్, నీళ్లలో మునిగేంత బరువు, ఇళ్ల స్తంభాలకి బాగుంటుంది, సపేకి పనికిరాదు. మెరాంటీ, అడావ్ లాంటి తేలిక రకాలే వాడతారు, కలిమంతాన్ (బోర్నియోలో ఇండోనేసియా భాగం) వైపు పనస కూడా. పనస అనగానే మనకి బొబ్బిలి గుర్తురావాలి, గొల్లపల్లిలో సర్వసిద్ధి వాళ్లు ఒకే పనస దుంగలో వీణ తొలుస్తారు కదా, ఏకాండి వీణ. ఆ పని దగ్గర్నుంచి చూసినవాళ్లకి ఇక్కడి పని కొత్తగా అనిపించదు. చెక్క రకం కంటే ఆరడం ముఖ్యం, పచ్చి దుంగని తొలిస్తే చివర్ల నుంచి చీలుతుంది, అందుకే కొనగానే రెండు కొసలకీ మైనమో పెయింటో పూసి నీడలో పడెయ్యాలి.

అపోహ: డిజైన్ ఎంత ఎక్కువుంటే అంత ఒరిజినల్.

కుచింగ్‌లో టూరిస్టుల షాపుల్లో ఒంటినిండా మెలికల ముగ్గులతో, దట్టమైన ఎనామెల్ పెయింట్‌తో మెరిసిపోతుంటాయి. చాలావరకు గోడకి తగిలించుకోడానికే. కొనేముందు తిప్పి వెనక చూడండి, లోపల సరిగ్గా తొలవకుండా పైపైన గీకి వదిలేసుంటే ఎంత అందంగా ఉన్నా కొనకుండా తిరిగి పెట్టెయ్యండి. తర్వాత చేత్తో ఎత్తండి, బరువుగా ఉంటే అదీ డౌటే. పెయింట్ మోగే పలక మీద ఎంత పల్చగా ఉంటే అంత మంచిది.

అపోహ: మెట్లు మైనంతో అంటిస్తారంటే నాసిరకం పని.

మన వీణ మెట్లు దేంట్లో కూర్చోబెడతారు మరి? మైనంలోనే. ఇక్కడ పాత పద్ధతిలో కుట్టని తేనెటీగల మైనం వాడేవాళ్లు, శ్రుతి కొంచెం తేడా అనిపిస్తే మెట్టుని జరిపి సరిచేసుకోవచ్చు, అదే దాని సుఖం. సూపర్ గ్లూతో అంటిస్తే ఆ వీలు పోయినట్టే, నేను ఇప్పటికీ మైనమే వాడతా. కాకపోతే ఇండియాకి తీసుకెళ్లేవాళ్లు ఒకటి చూసుకోండి, మే నెలలో విజయవాడలో ఎండలో ఆపిన కారులో వదిలేస్తే మైనం మెత్తబడి మెట్లన్నీ పక్కకి జరుగుతాయి. జరిగితే కంగారుపడకండి, ట్యూనర్ యాప్ పెట్టుకుని ఒక్కోటి మళ్లీ నొక్కి కూర్చోబెట్టుకోవచ్చు.